నడిమిట్ల కాక్

పోయిన నెల గద్వాల బస్టాండులో నేను సీతాఫలాల సంచి కింద పడేసుకున్నాను. చెయ్యి జారి కాదు. చెయ్యే వదిలేసింది.

వనపర్తి బస్సు కోసం నిలబడ్డాను. బస్సు వచ్చింది. ఒక పెద్దమనిషి పల్లికాయ బస్తాను కిందినుంచి తోస్తున్నాడు, కండక్టరు పైనుంచి గుంజుతున్నాడు. బస్తా లోపలికి పోయింది గానీ, ఆయన మాత్రం దాని మూతి పట్టుకుని వదలడం లేదు. "ఇడువు! ఇడువు!" అని కండక్టరు గొంతు చించుకున్నాడు. మా వైపు ఇడువు అంటే వదిలెయ్యమని. ఆ పెద్దమనిషి వదల్లేదు. పక్కన నిలబడ్డ నేను వదిలేశాను. బాగా మగ్గిన పండ్లు. కొన్ని అక్కడే పిగిలిపోయాయి, కొన్ని జనం కాళ్ల మధ్య దొర్లుకుంటూ పోయాయి. "సారీ, సారీ" అంటూ వంగి ఏరుకోబోయాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చిందని తెలిసి, వంగినదాన్ని వంగినట్టే పగలబడి నవ్వాను. చుట్టూ ఉన్నవాళ్లు ఈమెకేదో అయిందనుకున్నారు.

నాకేమీ కాలేదు. ఇడువు అన్న మాట వింటే ఉన్నపళాన చెయ్యి దించెయ్యాలని, సారీ అంటే చాయ్ తాగించాలని నాకు ఒకావిడ నేర్పింది. ఆవిడ సంగతే చెబుతున్నాను.

పేరు రాయను. రాస్తే అయిజలో ఆమె చుట్టాలు సగం మంది ఫోన్ చేసి మరి మా పేర్లేవి అని కొట్లాటకు దిగుతారు. మిగతా సగం నేను రాసినవన్నీ అబద్ధాలంటారు. ఆమె షటిల్ బ్యాడ్మింటన్ ఆడేది. సింగిల్స్ ఎన్నడూ ఆడలేదు. "ఒక్కదాన్నే ఆడితే, గెలిచినంక ఎవలితోని ముచ్చట పెట్టాలె?" అనేది. డబుల్స్‌లో ఆమెకు జోడీ నేను. జిల్లాలు విడిపోకముందు, పాత మహబూబ్‌నగర్ జిల్లా ఒక్కటిగా ఉన్న కాలంలో, మేం కలిసిన దగ్గర్నుంచీ ఆడవాళ్ల డబుల్స్ కప్పు వేరేవాళ్ల ఇంటికి పోలేదు. గొప్పలు చెప్పుకుంటోంది అనుకుంటే అనుకోండి. తక్కువ చేసి చెప్పుకోవడం నాకు చేతకాదు.

మేం కలిసింది జిల్లా ఎంపికల్లో. నాది వీపనగండ్ల. అప్పుడు వనపర్తిలో డిగ్రీ చదువుతున్నాను. ఆ పొద్దున ఆట నడుస్తుండగానే నాకూ నా జోడీ పిల్లకూ చెడింది. ఆట పేరు మా దగ్గర షటిల్, ఆ ఈకల బంతి పేరు కాక్. మా ఇద్దరి నడుమ పడ్డ కాక్‌ను నువ్వు కొట్టాలంటే నువ్వు కొట్టాలని వాదన పెట్టుకుని, నేను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ పిల్ల ఏడ్చుకుంటూ వాళ్ల నాన్న దగ్గరికి పోయింది, మళ్లీ రాలేదు.

హాలు మూలన ఒకామె కాళ్లు చాపుకుని కూర్చుని సజ్జరొట్టె తింటోంది. ఆమె జోడీ కూడా పారిపోయిందట. కోర్టులో ఈమె పెట్టే కేకలకు చెవులు చిల్లులు పడుతున్నాయని. ఎంపిక చేసే సారు మా ఇద్దర్నీ చూసి, "మీరిద్దరే మిగిలిండ్రు. ఆడితే కలిసి ఆడుండ్రి, లేకుంటే ఇంటికి పోండ్రి" అని తేల్చేశాడు.

ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది. రొట్టె విరిచి, దాని మీద పల్లిచట్నీ రాసి, సగం నా చేతిలో పెట్టింది.

"కోపం ఎక్కువనా పిల్లా నీకు?"

"ఎవలు చెప్పిండ్రు?"

"నీ ముక్కు చెప్తుంది. ముందుగాల తిను."

తిన్నాను. కారం నెత్తికెక్కింది. నీళ్ల సీసా నా చేతికిస్తూ, "మంచిగైంది. ఇగ నడిమిట్ల కాక్ నీదే" అంది.

డబుల్స్ ఆడేవాళ్లను చంపేది ఆ నడుమ పడే కాకే. ఆమె కొడుతుందిలే అని ఈమె, ఈమె కొడుతుందిలే అని ఆమె చూస్తూ నిలబడతారు, అది ఇద్దరి మధ్యా నింపాదిగా వచ్చి కూర్చుంటుంది. ఒక్కో జోడీ దీనికి ఒక్కో పద్ధతి పెట్టుకుంటుంది. ఆమె పెట్టిన పద్ధతి నేను ఇంకెక్కడా వినలేదు. కోపం ఎవరికి ఎక్కువ ఉంటే కాక్ వాళ్లది. "సోంచాయించెటోళ్లు ఆగుతరు పిల్లా. కోపమొచ్చినోళ్లు ఆగరు" అన్నది దానికి ఆమె చెప్పిన కారణం. సోంచాయించడమంటే ఆలోచించడం. చిన్నప్పటి నుంచీ ఇంట్లో, బడిలో, అందరూ తగ్గించుకొమ్మని పోరిన నా కోపానికి ఒక మనిషి పని అప్పజెప్పడం అదే మొదలు. ఆ సాయంత్రానికే నేను ఆమె మనిషినైపోయాను.

పొట్టి మనిషి. భుజాలు మాత్రం గట్టివి. గాజులు తియ్యమంటే తీసేది కాదు. వాటి మీద దస్తీ బిగించి కట్టి, చప్పుడు రాకుండా చేసి ఆడేది. కుడి బొటనవేలికి పొడుగాటి గోరు ఉండేది. గట్టు, అయిజ వైపు విత్తనాల కోసం సీడ్ పత్తి వేసేవాళ్ల చేతులు చూస్తే ఆ గోరు ఎందుకో మీకు తెలుస్తుంది. సాయంత్రం పూట మొగ్గను గోటితో గిచ్చి లోపలి పుప్పొడి కాడలు తీసెయ్యాలి. తెల్లారి మగపువ్వు తెచ్చి దానికి రాయాలి. దీన్ని అక్కడ క్రాసింగ్ అంటారు. ఆ దినాల్లో టోర్నమెంటు పడిందంటే, ఆమె పొద్దునంతా చేనులో పువ్వులకు పుప్పొడి రాసి, మధ్యాహ్నానికి మోటార్ సైకిల్ మీద వచ్చి దిగేది. బండి నడిపేది ఆమె భర్త. నేను బావా అనేదాన్ని. ఆయన ముందురోజే పోయి నిర్వాహకులను బతిమాలి మా ఆట మధ్యాహ్నం తర్వాత పెట్టించేవాడు, ఆట మొదలైందంటే మూలన కూర్చుని పల్లీలు తినేవాడు. ఆమె వేళ్లకు అంటిన పుప్పొడి పచ్చగా రాకెట్ పిడికి కూడా అంటుకునేది. అదేదో పూజ చేయించిన పసుపని ఎదుటివాళ్లు గుసగుసలాడితే, "ఔ, మంత్రం పెట్టిచ్చుకొచ్చిన. జర పైలం" అని కళ్లు పెద్దవి చేసి చెప్పేది.

ఆట నేర్చింది అయిజ బడి మైదానంలో. పైన కప్పు లేదు, పక్కన గోడ లేదు. ఆ మెట్ట నేలల మీద గాలి ఒక్క క్షణం ఊరుకోదు. అందుకని చిటికెడు దుమ్ము పైకి ఎగరేసి, అది ఎటు పోతుందో చూసి సర్వీసు చెయ్యడం ఆమెకు అలవాటైంది. హాళ్లలో దుమ్ము లేదు కదా, పౌడరు డబ్బా తెచ్చుకుని దాన్ని ఎగరేసేది. ఒకసారి అంపైరుకు ఒళ్లు మండింది.

"ఇది హాలమ్మా. ఈడ గాలి యాడిది?"

"ఫ్యాను తిరుగుతలేదా సార్? నువ్వు ఊపిరి తీస్తలేవా?"

అంపైరు తల పైకెత్తి ఫ్యాను వంక చూశాడు. ఆ తర్వాత ఆయన ఆమె జోలికి పోలేదు.

ఆ గాలిలో పెరిగింది కాబట్టే, కాక్ ఎదుటివాళ్ల రాకెట్‌ను వదలగానే అది గీత లోపల పడుతుందా బయట పడుతుందా అన్నది ఆమెకు తెలిసిపోయేది. నేను ముందు, ఆమె వెనక. బయటికి పోయే కాక్ అయితే వెనకనుంచి "ఇడువు!" అని ఒక్క కేక. హాలు దద్దరిల్లేది. పట్నం జోడీలు లీవ్ లీవ్ అని ముద్దుగా అనుకునేవి, మాది మాత్రం పొలం గట్టు మీద పిలుపు. మొదట్లో నేను ఆమె మాట వినకుండా ఎగిరి కొట్టేదాన్ని, పాయింటు పోగొట్టేదాన్ని. పోను పోను నా తలకు పని లేకుండా పోయింది. ఆమె ఇడువు అంటే నా చెయ్యి దానంతటదే దిగిపోయేది. ఒక్కసారి కూడా ఆమె లెక్క తప్పలేదు.

ఇక సారీ సంగతి. డబుల్స్‌లో తప్పు కొట్టినవాళ్లు జోడీకి సారీ చెప్పడం మర్యాద. ఆమెకు ఆ మాటంటే మంట. "కాక్ పోతే ఏం పాయె, ఇంకోటి వస్తది. నువ్వు సారీ అంటవు, నేను పర్వాలేదంట. గంతల అది వచ్చి నెత్తి మీద పడ్తది" అనేది. సారీ అన్నవాళ్లు ఆట అయ్యాక చాయ్ తాపాలె. ఇది ఖానూన్. మొదటి ఏడాది ఆమె తాగిన చాయ్‌లన్నీ నేను తాపినవే. ఆమె మాత్రం ఎంత చెత్తగా కొట్టినా ఒక్కనాడూ సారీ అనలేదు. నాలుక కరుచుకుని, నా వంక చూసి కన్ను కొట్టేది.

చాయ్ దుకాణంతో ఆమెకు ఇంకో పని కూడా ఉండేది. ఈకలు ఎండి ఉంటే కాక్ తొందరగా విరిగిపోతుంది, కాస్త ఆవిరి పట్టిస్తే చాలాసేపు నిలుస్తుంది. మా దగ్గర దానికి వేరే ఏర్పాట్లెక్కడివి? ఏ ఊరు పోయినా హాలు పక్కన చాయ్ దుకాణం వెతికి, మరుగుతున్న గిన్నె మీద కాక్‌ల డబ్బా పట్టుకుని నిలబడేది. "ఏందమ్మా గిది? నా చాయ్‌ల ఈకలు పడితే గిరాకీ పోదా?" అని దుకాణమాయన లబలబలాడేవాడు. "రుచి పెరుగుతది అన్నా" అని ఆయన్నీ నవ్వించి, పోతూ పోతూ ఆయన చేతిలో కూడా రొట్టె పెట్టి వచ్చేది.

రొట్టెలు ఎదుటి జోడీకి కూడా పెట్టేది. ఆటకు ముందు మూట విప్పి, "తిన్నరా? రాండ్రి, తిని ఓడిపోండ్రి" అని పిలిచేది. ఒక కోచ్ అయితే తన పిల్లల్ని తిననివ్వలేదు. మత్తుమందు కలిపిందేమో అని. అది తెలిసి ఆమె ఎంత నవ్విందంటే, పొట్ట పట్టుకుని కోర్టులోనే కూర్చుండిపోయింది. మొదటి గేమ్ ఆ నవ్వుకే పోయింది. నాకు కోపమొచ్చి మిగతా రెండు గేములు గెలిపించాను.

ఇంత ఆడినా రాష్ట్రం కప్పు మాకు చిక్కలేదు. ఫైనల్ దాకా పోవడం, ఓడి తిరిగి రావడం. పోయిన ప్రతిసారీ వాళ్లాయన పల్లీల పొట్లం పట్టుకుని వచ్చేవాడు. తిరుగు బస్సులో ఆమె ఆ పొట్లం చూపించి, "ఒక్కపారి ఆ కప్పు తేవాలె పిల్లా. మీ బావ అండ్ల పల్లీలు పోసుకుంటడంట" అనేది. ఎగతాళిగా అన్నట్టే ఉండేది. కానీ నేనూ వెంట అయిజ దాకా పోయిన రోజుల్లో చూశాను, బస్సు బీచుపల్లి వంతెన మీద కృష్ణ దాటేటప్పుడు ఆమె ముఖం కిటికీ వైపు తిప్పుకునేది, అవతలి ఒడ్డు వచ్చేదాకా ఇటు తిరిగేది కాదు. ఆమెకు కావలసింది ఆ ఒక్కటే అని నాకు తెలుసు. నాకూ అదే కావాలి.

అంతలో జిల్లాలు విడిపోయాయి. గద్వాల ఒకటి, వనపర్తి ఒకటి, నాగర్‌కర్నూల్ ఒకటి. అందరూ సంబరాలు చేసుకున్నారు, మేమూ మిఠాయి తిన్నాం. మిఠాయి అరిగాక టోర్నమెంటుకు పేర్లిద్దామని పోతే, బల్ల దగ్గర కూర్చున్నాయన మా ఇద్దరి ఊర్లు అడిగి తల అడ్డంగా ఊపాడు. ఒక జోడీలో ఇద్దరూ ఒకే జిల్లా వాళ్లై ఉండాలట.

"నిన్నటిదాంక ఒక్కటే ఉంటిమి గద సార్?" అందామె.

"నిన్నటిది నిన్ననేనమ్మా. నడుమ కృష్ణమ్మ ఉంది, నువ్వు ఆ ఒడ్డు, ఈమె ఈ ఒడ్డు."

"ఏరు నిన్న గూడ ఉండె! మేం ఏరుకు అడ్డంబడి ఆడినమా?"

ఆయన తప్పేముంది పాపం, నియమం అది. నేను అరిచాను. ఆ అరుపుకు పక్క గదిలోంచి కూడా మనుషులు వచ్చారు. ఆమె నా రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చి, చాయ్ తాగించింది. నేను సారీ అనకపోయినా, ఆమె సారీ అనకపోయినా. ఆ చాయ్ ఎందుకో నాకు ఇప్పటికీ లెక్క తేలదు.

ఆమె గద్వాల తరఫున ఒక మహిళా కానిస్టేబుల్‌తో ఆడింది. నేను అప్పటికి వనపర్తిలో పీఈటీ టీచర్‌ని, మా బడికి కొత్తగా వచ్చిన లెక్కల టీచరమ్మతో ఆడాను. చుట్టుపక్కల జిల్లాల టోర్నమెంటు వనపర్తిలో పెట్టారు. ఏం జరగాలో అదే జరిగింది. ఫైనల్లో వల అవతల ఆమె, ఇవతల నేను. మూట విప్పి, "రా పిల్లా, తిని ఓడిపో" అని నన్ను కూడా పిలిచింది. తిన్నాను, కానీ ఓడిపోదలచుకోలేదు. ఆమె పక్కన నిలబడితేనే నా ఆట అని నలుగురూ అనుకునే మాట నా చెవిన పడుతూనే ఉండేది. ఆమె లేకున్నా నాకంటూ ఒక ఆట ఉందని ఆ రోజు తేల్చుకోవాలి.

మూడో గేమ్ ఆఖరికి వచ్చింది. ఒక్క పాయింటు వస్తే కప్పు నాది. ఆమె వెనకనుంచి కాక్‌ను ఎత్తుగా లేపింది. అది నా తల మీదుగా గీత వైపు పోతోంది. నేను వెనక్కి ఉరికి రాకెట్ ఎత్తాను. కొట్టేదాన్నే.

"ఇడువు!"

నా చెయ్యి దిగిపోయింది. కాక్ గీత అవతల పడింది. బయట. కప్పు నాది.

ఆ కేక వల అవతలి నుంచి వచ్చిందని అందరికంటే ముందు కానిస్టేబుల్‌కు అర్థమైంది. "అక్కా! నువ్వు ఎవలి దిక్కు ఆడుతున్నవ్?" అని నడుం మీద చేతులు పెట్టుకుంది. అంపైరు నన్ను పిలిచి, "ఎదుటి జట్టు అరిచింది గద, నీకేమన్న ఇబ్బందైందా అమ్మా?" అని అడిగాడు. "లే సార్, లాభమైంది" అన్నాను. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. వల కిందినుంచి దూరి వచ్చి నన్ను వాటేసుకుని, "అలవాటు గద పిల్లా!" అని నవ్వింది. జనమంతా నవ్వారు, నేనూ నవ్వాను. ఆ కప్పు మా ఇంట్లో టీవీ పక్కన పెట్టుకున్నాను. వచ్చినవాళ్లందరికీ, మా అక్కను ఓడించి తెచ్చుకున్నది అని చూపించేదాన్ని.

తర్వాత ఏళ్లు గడిచాయి. నాకు వెంట్రుకలు తెల్లబడ్డాయి, ఆమెకు మోకాళ్లు అరిగాయి. ఒక రోజు బడిలో ఉండగా ఫోన్.

"ఏ పిల్లా! ముసలోళ్లకు జిల్లాల్లేవంట!"

వెటరన్స్ టోర్నమెంటు అట. రాష్ట్రంలో ఎక్కడివాళ్లు ఎవరితోనైనా జోడీ కట్టవచ్చట. ఈసారి పెట్టేది నాగర్‌కర్నూల్‌లో. నేను తరగతి పిల్లలందరి ముందూ ఎగిరి గంతేశాను. ప్రతి ఆదివారం బావ ఆమెను బండి మీద కృష్ణ దాటించి తెచ్చేవాడు. మోకాళ్లకు పట్టీలు, నడుముకు బెల్టులు, ఒంటినిండా మందు వాసన. "మన వాసనకే ఎదుటోళ్లు ఓడిపోవాలె" అనేది. ఇది తప్పితే ఇంకో అవకాశం లేదని ఇద్దరికీ తెలుసు. డాక్టరు ఆమెను అప్పటికే ఆడొద్దన్నాడు.

ఫైనల్లో మా ఎదుట పట్నం జోడీ. ఒకే రంగు బట్టలు, ఒకే రకం బూట్లు, చక్కటి ఆట. మేం పొరలాడి పొరలాడి ఆడాం. మూడో గేమ్‌లో ఒక్క పాయింటు వస్తే చాలు అన్నచోటికి వచ్చాం. బావ పల్లీలు నమలడం మానేశాడు.

అప్పుడు కాక్ నడుమకు వచ్చింది. అచ్చం ఇద్దరి మధ్యకు. ఖానూన్ ప్రకారం అది నాది. కానీ ఏం చెప్పను, ఆ రోజు పొద్దుటి నుంచీ నాకు కోపమే రాలేదు. అన్నేళ్ల తర్వాత ఆమె పక్కన నిలబడ్డాను. వెనకనుంచి ఆ కేకలు మళ్లీ వినిపిస్తున్నాయి. సంతోషంతో ఒళ్లంతా తేలికగా ఉంది. నేను నిలబడి చూస్తున్నాను. ఆమె నన్ను చూస్తోంది. అది నింపాదిగా వచ్చి మా మధ్య కూర్చుంది.

పాయింట్లు సమానమయ్యాయి. హాలంతా అయ్యో అంది. ఆమె కాక్ తీసి, గోటితో ఈకలు సర్దుతూ నా దగ్గరికి వచ్చింది.

"ఏమైంది నీ కోపం?"

"వస్తలేదక్కా ఇయ్యాల. సా..." అనబోయి ఆపుకున్నాను.

ఆమె కాసేపు నా ముఖం వంక చూసింది. తర్వాత గొంతు తగ్గించి, "ఇన్నేండ్లు చెప్పలే గానీ పిల్లా, వనపర్తిల ఆ దినం ఇడువు అన్నది నోరు జారి కాదు. కావాల్ననే అన్న. పోనీ పాపం, ఒక్క కప్పన్న సొంతంగ గెల్వనీ అని" అంది.

పాపం! నా కోపం నషాళానికంటింది. టీవీ పక్కన పెట్టుకున్న కప్పు, వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్న గొప్ప, అంతా ఈమె దానం చేసిందా? నేను ఏదో అనబోయేలోగా ఆమె తన జాగాకు పోయి నిలబడింది. నడుమ కొడితే చాలని పట్నం వాళ్లకు తెలిసిపోయింది కదా, మళ్లీ అక్కడికే కొట్టారు. పాపం వాళ్లకేం తెలుసు. నేను కొట్టిన దెబ్బకు కాక్ ఒకామె బూటుకు తగిలి ఎగిరింది. ఆ తర్వాతదీ నడుమకే వచ్చింది. దాన్ని ఎట్లా కొట్టానో నాకు గుర్తు లేదు. "అద్గదీ! వచ్చింది!" అని వెనకనుంచి ఆమె కేక మాత్రం గుర్తుంది.

రాష్ట్రం కప్పు మాదైంది. బావ కండువాతో కళ్లు తుడుచుకుంటున్నాడు. ఆమె చేతులు చాపుకుని వస్తుంటే నేను దగ్గరికి రానివ్వలేదు.

"ముందు చెప్పు. నిజమేనా?"

"ఏంది?"

"కావాల్నని అన్నవా ఆ దినం?"

"చాయ్ తాపు, చెప్త."

"నేను సారీ అనలే, ఎందుకు తాపాలె?"

"అయితే చెప్ప" అని నా చెంపలు రెండూ పట్టుకుని ఊపేసింది.

తర్వాత ఎన్నిసార్లు అడిగానో. ఒకసారి "ఆఁ, కావాల్ననే అన్న" అంటుంది. ఇంకోసారి "పిచ్చిదానా, కావాల్నని ఓడుడు నాతోనైతదా?" అంటుంది. బావనడిగితే, "ఆమె మాటల ఏది నిజమో పెండ్లైనకాడికెంచి నాకే తెల్వదు" అని చేతులెత్తేశాడు. నేను వనపర్తి కప్పును టీవీ పక్కనుంచి తీసి బీరువా మీద పెట్టాను. మళ్లీ తెచ్చి టీవీ పక్కన పెట్టాను. అది ఎక్కడ ఉండాలో నాకు తేలలేదు.

పోయినేడు ఎండాకాలంలో ఆమె పోయింది. ఎట్లా పోయిందో రాయను. ఓడిన ఆటల గురించి మాట్లాడటం ఆమెకు ఇష్టముండేది కాదు. నేను బాగా ఏడ్చాను. ఏడుపు అయ్యాక కోపం కూడా వచ్చింది, జవాబు చెప్పకుండానే పోయిందని.

పోయిన నెల బావను చూడటానికి అయిజ పోయాను. రాష్ట్రం కప్పు కిటికీలో ఉంది, నిండా పల్లీలు. ఇద్దరం చెరో గుప్పెడు తీసుకుని తిన్నాం. వచ్చేటప్పుడు చేని గట్టు మీది చెట్టువని సంచినిండా సీతాఫలాలు ఇచ్చాడు. ఆ సంచినే గద్వాల బస్టాండులో నా చెయ్యి వదిలేసింది.

కండక్టరు మంచివాడు. నాతోపాటు తనూ వంగి, పిగలని పండ్లన్నీ ఏరి సంచిలో వేసి ఇచ్చాడు. బస్సు కదలడానికి ఇంకా టైముంది.

"రాండ్రి అన్నా, చాయ్ తాగుదాం" అన్నాను.

"ఎందుకమ్మా?"

"సారీ అన్న గద. సారీ అంటే చాయ్ తాపాలె."

అనుమానంగా చూశాడు గానీ వచ్చాడు. చాయ్ ఊదుకుంటూ, మనసులో ఉన్నది అడిగేశాడు. "నేను ఇడువు అన్నది ఆ పెద్దమనిషిని. నువ్వెందుకు ఇడ్సినవమ్మా?"

"నేను ఇడ్వలే అన్నా. నాకు తెల్వకుంటనే, చెయ్యే ఇడ్సింది."

అన్నాను. అని, గ్లాసు నోటి దగ్గరే ఆపేశాను. నాకు తెలియకుండానే. ఆమె పోయి ఏడాది దాటినా, ఆ మాట విన్న నా చెయ్యి నన్ను అడగలేదు. మరి ఆ మాట అనే నోరు ఆమెను అడుగుతుందా? వనపర్తిలో ఆ రోజు బయటికి పోయే కాక్‌ను చూసింది, ముందు నేనున్నాను, నోరు అనేసింది. అంతే. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డ ఆమె ముఖం ఇప్పుడు మళ్లీ కనబడింది. ఆ కప్పు నాదే. కావాలని అన్నానని చెప్పిందే అబద్ధం. నడి కోర్టులో, మోకాళ్ల పట్టీలతో, నాకు కోపం తెప్పించడానికి అప్పటికప్పుడు అల్లిన అబద్ధం. దాన్ని నమ్మి నేను ఇన్నాళ్లూ కప్పును ఇటు తిప్పి అటు తిప్పి చచ్చాను. ఆమె చూస్తూ నవ్వింది, దొంగముఖంది!

నవ్వు వచ్చింది. కండ్లల్లో నీళ్లు కూడా వచ్చాయి. "సారీ అక్కా" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను.

కండక్టరు గ్లాసు దించి, నా వంక చూసి, దుకాణం వైపు తల తిప్పాడు.

"మల్ల సారీ అన్నవ్. ఇంకో చాయ్ చెప్పమంటవా అమ్మా?"